విమానం రైలుబండి అయిన వైనం



ఈసారి నా టపాలో పద్యం లేదు. శబ్దచర్చ మాత్రం ఉంది. ఆ శబ్దాలు కూడా తెలుగువి కావు. ముప్పైమూడేళ్ళపాటు ఉన్నత పాఠశాలలో విభక్తులూ వృత్తాలూ చెప్పి పదవీ విరమణ చేసినవాడికి అమెరికా నల్లజాతి గాయకుల పాటతో ఏమి పని అని మీరు నవ్వవచ్చు. నవ్వండి, కాని ఓపికగా చివరిదాకా చదవండి. రెండు మాటల మార్పుతో ఒక పాట తన స్వస్థానానికి ఎట్లా చేరుకొన్నదో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఆ కథ చెప్పుకొంటూ పోతే మా ఇంటి కథ ఒకటి నాకు అడ్డం వచ్చింది. దానిని కూడా దాచకుండా చెబుతాను.

మా అమ్మాయి కాపురం అట్లాంటా నగరానికి ఉత్తరాన ఉన్న ఆల్ఫారెట్టాలో. అక్కడికి వెళ్ళినప్పుడు ఒక సాయంత్రం అల్లుడు కారు నడుపుతూ ఉండగా రేడియోలో ఒక స్త్రీ కంఠం వినిపించింది. కొంచెం బొంగురు, కొంచెం ఆర్ద్రత. వెనుక ముగ్గురు మగవాళ్ళు ఆమె మాట ముగిసీ ముగియకముందే అందుకొని తిరిగి అప్పగిస్తున్నారు. నాకు మా చిన్నప్పటి బుర్రకథ వంతలు గుర్తుకు వచ్చారు. "మామయ్యగారూ, ఇది మన ఊరి పాట" అన్నాడు అల్లుడు. మన ఊరంటే తెనాలి అనుకొని ఉలిక్కిపడ్డాను. అతడన్నది జార్జియా రాష్ట్రాన్ని గురించి!

ఆ పాట పేరు "మిడ్‌నైట్ ట్రెయిన్ టు జార్జియా". పాడినవారు గ్లాడిస్ నైట్ అండ్ ద పిప్స్. 1973లో వెలువడింది. సోల్ అని అక్కడివారు పిలిచే సంగీతశాఖకు చెందినది. నల్లజాతివారి చర్చి భజనల ఆవేశాన్ని లౌకిక ప్రేమగీతాలలోకి దింపగా పుట్టినది సోల్. అదే సామాన్య జనరంజకమైన బాణీలో వస్తే సోల్-పాప్ అంటారు.

పాటలోని కథ ఇంత. ఒక యువకుడు తారగా వెలగాలని లాస్ ఏంజెలెస్ మహానగరానికి వస్తాడు. నగరం అతణ్ణి ఓడిస్తుంది. ఉన్నది అమ్ముకొని సొంత ఊరికి రైలెక్కుతాడు. చెప్పేది అతడు కాదు, అతణ్ణి ప్రేమించిన స్త్రీ. అతడు లేకుండా తన లోకంలో ఉండటం కంటె అతడితో అతని లోకంలో ఉండటమే మేలని నిశ్చయించుకొని ఆమె కూడా అదే బండి ఎక్కుతుంది. అంతే కథ. ఓడినవాడిని ఎవరూ నిందించరు. ఎవరూ ఏడవరు. నాకు ఆ నిబ్బరమే నచ్చింది.

ఇంటికి వచ్చి ఆ పాట పుట్టుపూర్వోత్తరాలు వెదకడం మొదలుపెట్టాను. తాళపత్ర ప్రతులు పోల్చి పాఠభేదాలు గుర్తించే చదువు చదివినవాణ్ణి గదా, ఆ జిజ్ఞాస ఎక్కడికి పోతుంది? వెదకిన కొద్దీ ఆశ్చర్యం పెరిగింది. ఎందుకంటే ఈ పాట మూలప్రతిలో రైలు లేదు. జార్జియా లేదు. ఉన్నది విమానం, అది పోయేది టెక్సస్‌లోని హ్యూస్టన్ నగరానికి!

*

మూలకర్త పేరు జిమ్ వెదర్లీ. 1943లో మిసిసిపీ రాష్ట్రంలోని పాంటొటాక్ అనే చిన్న ఊళ్ళో పుట్టిన తెల్లజాతివాడు. మిసిసిపీ విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్ ఆటగాడు. మన ఫుట్‌బాల్ కాదు, బంతిని చేత్తో విసిరే అమెరికా ఫుట్‌బాల్. ఆ ఆటలో జట్టును నడిపించే క్వార్టర్‌బ్యాక్ స్థానంలో ఆడేవాడు. 1962లో ఆ విశ్వవిద్యాలయ జట్టు ఒక్క ఆట కూడా ఓడలేదు.

ఆ 1962 ఇంకొక కారణం చేత కూడా చరిత్రకెక్కింది. జేమ్స్ మెరెడిత్ అనే నల్లజాతి విద్యార్థి ఆ విశ్వవిద్యాలయంలో చేరబోతే, సెప్టెంబరు 30వ తేదీ రాత్రి ఆ ప్రాంగణంలోనే దొమ్మీ చెలరేగింది. ఇద్దరు మరణించారు. కేంద్ర ప్రభుత్వ బలగాల కాపలా నడుమ అక్టోబరు 1న మెరెడిత్ తరగతిలో ప్రవేశించాడు. వెదర్లీ అప్పుడు ఆ జట్టులో ఉన్న విద్యార్థి. ఈ సంగతిని పాటకు ముడిపెట్టి ఏవో ఊహలు చేయడం నా ఉద్దేశం కాదు. కాని అటువంటి ప్రాంగణం నుంచి వచ్చిన ఒక తెల్లవాడి రచన, పదకొండేళ్ళ తరువాత ఒక నల్లజాతి కుటుంబం గొంతులో అజరామరమైనదంటే, ఆ పదకొండేళ్ళలో ఆ దేశం ఎంత దూరం నడిచిందో ఆలోచించవలసిందే గదా.

చదువు ముగిశాక వెదర్లీ వృత్తిగా ఆటను చేపట్టలేదు. పాటలు రాసుకొంటూ లాస్ ఏంజెలెస్ చేరాడు. అక్కడ సరదాగా ఫుట్‌బాల్ ఆడుకొనే ఒక బృందంలో లీ మేజర్స్ అనే నటుడితో స్నేహం కలిసింది. తరువాత "సిక్స్ మిలియన్ డాలర్ మ్యాన్" అనే టెలివిజన్ ధారావాహికతో ప్రసిద్ధుడైనవాడే ఆ లీ మేజర్స్. 1970 ప్రాంతంలో ఒకరోజు వెదర్లీ అతడి ఇంటికి ఫోన్ చేస్తే, అతడు లేడు. ఫోన్ తీసినది అతడి స్నేహితురాలు ఫరా ఫాసెట్. ఆమె కూడా అప్పటికింకా పేరు రాని నటి. టెక్సస్ ఆమె పుట్టిన రాష్ట్రం. ఏం చేస్తున్నావని అడిగితే, తనవాళ్ళను చూడడానికి హ్యూస్టన్ వెళ్తున్నానని, అర్ధరాత్రి విమానానికి సామాను సర్దుకొంటున్నానని చెప్పింది.

ఆ మాట వెదర్లీ చెవిలో గంటలా మోగింది. ఫోన్ పెట్టేసి గిటారు తీసుకొని గంటలోపే పాట పూర్తి చేశాడని అతడే చెప్పుకొన్నాడు. లీ మేజర్స్‌నూ, ఫరా ఫాసెట్‌నూ పాత్రలుగా మనసులో పెట్టుకొని, నగరంలో నెగ్గుకు రాలేక ఇంటికి పోయే కథ ఒకటి కల్పించాడు. పేరు "మిడ్‌నైట్ ప్లేన్ టు హ్యూస్టన్". గ్రామీణ బాణీ ఉన్న పాట అది. 1972లో వచ్చిన తన ఆల్బంలో అతడే పాడుకొన్నాడు కూడా. అది పెద్దగా ఎవరి చెవినా పడలేదు.

ఇదీ మూలప్రతి. ఇక పాఠాంతరం.

*

అట్లాంటాలో పనిచేసే సానీ లింబో అనే నిర్మాత ఆ పాటను సిస్సీ హ్యూస్టన్ చేత పాడించాలనుకొన్నాడు. ఈమె స్వీట్ ఇన్‌స్పిరేషన్స్ అనే బృందంలో ప్రధాన గాయని. తరువాతి కాలంలో లోకమంతా ఎరిగిన విట్నీ హ్యూస్టన్‌కు తల్లి. 2024 అక్టోబరులో కాలధర్మం చెందింది. ఇంటిపేరు హ్యూస్టన్ అయిన ఆమె హ్యూస్టన్‌కు పోతానని పాడితే వినేవారికి నవ్వు రాదా అన్నది ఒక చిక్కు. అసలు చిక్కు ఇంకొకటి. ఆమె పూర్వులు జార్జియావాళ్ళు. మావాళ్ళు హ్యూస్టన్‌కే కాదు, ఎక్కడికీ విమానంలో పోలేదు, పోయినదెల్లా రైలులోనే అన్న భావంతో ఆమె మాట్లాడింది. కనుక విమానం రైలు కావాలి, హ్యూస్టన్ జార్జియా కావాలి. కవి అనుమతి అడిగారు. కర్తగా తన పేరూ, ప్రచురణ హక్కూ తప్ప ఏదైనా మార్చుకోవచ్చునన్న ధోరణిలో వెదర్లీ వెంటనే ఒప్పుకొన్నాడు.

ఇక్కడ నాలోని తెలుగు మాష్టారు ఒక క్షణం ఆగాడు. మారినవి రెండే మాటలు. ప్లేన్ పోయి ట్రెయిన్ వచ్చింది. రెండూ ఒక్కొక్క శబ్దాంశమే. ఒకే అచ్చు, చివర ఒకే హల్లు. ప్రాస చెడలేదు. హ్యూస్టన్ పోయి జార్జియా వచ్చింది. మనం మూడక్షరాలుగా పలికినా ఇంగ్లీషువారి నోట అది రెండు శబ్దాంశాలే. రెండు పేర్లలోనూ ఊనిక మొదటిదాని మీదనే. అంటే గణభంగం లేదు, యతిభంగం లేదు. ఆ చోటు కోసమే ఆ మాటలు తయారై కూర్చున్నట్టు ఒదిగిపోయాయి. లేఖకుడు ఇంత శుభ్రంగా ఒక పదం మార్చి ఉంటే, ఏది మూలమో ఏది ప్రక్షిప్తమో ఏ పరిష్కర్తా పట్టుకోలేడు!

ఛందస్సు సరిపోతే చాలదు గదా. అర్థం సంగతి? పదకొండవ శతాబ్దిలో కాశ్మీరదేశంలో క్షేమేంద్రుడు "ఔచిత్య విచార చర్చ" అని ఒక గ్రంథం రాశాడు. కావ్యానికి ప్రాణం ఔచిత్యమే అన్నది ఆయన సిద్ధాంతం. హారం నడుముకూ, వడ్డాణం మెడకూ కడితే బంగారం బంగారమే అయినా అందం ఉండదు. విమానం అనే మాట దోషం కాదు, కాని ఆ కథానాయకుడికి ఉచితం కాదు. ఉన్నది అమ్ముకొని ఇంటికి పోయేవాడు ఆ రోజుల్లో విమానం ఎక్కుతాడా? రైలు అనగానే అతడి జేబు కనిపించింది. రాత్రంతా సాగే ప్రయాణం కనిపించింది. కిటికీలో ఆనుకొన్న ముఖం కనిపించింది.

ఔచిత్యం మీద ధ్వని ఒకటి ఉన్నది. నల్లజాతివారి నోట రైలు అనే మాట ఊరికే వాహనం కాదు. బానిసత్వపు రోజులలో దక్షిణాది నుంచి ఉత్తరాదికి పారిపోయేవారికి సాయపడిన రహస్య మార్గాలకు భూగర్భ రైలుమార్గం అని పేరు. అక్కడ నిజానికి పట్టాలూ లేవు, ఇంజనూ లేదు. దారి చూపేవారిని కండక్టర్లని, దాచిపెట్టే ఇళ్ళను స్టేషన్లని పిలుచుకొనేవారు. వారి భక్తిగీతాలలో మోక్షానికి పోయే బండి కూడా రైలే. తరువాత 1910 ప్రాంతం నుంచి 1970 దాకా సుమారు 60 లక్షల మంది నల్లవారు దక్షిణాదిని విడిచి ఉత్తరాదికి, పడమటికి వలసపోయారు. ఆ మహావలసలో ఎక్కువమందిని మోసినది రైలుబండే. స్లీపర్ పెట్టెలలో పనిచేసిన పుల్‌మన్ పోర్టర్లు అనే నల్లజాతి ఉద్యోగులు 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వాన సంఘం పెట్టుకొని, తరువాత పౌరహక్కుల పోరాటానికి వెన్నెముకగా నిలిచారు. ఇంత చరిత్ర ఒక్క మాటలో ఇమిడి ఉన్నది. సిస్సీ హ్యూస్టన్ ఆ మాట అడిగినప్పుడు తన ముత్తాతల ప్రయాణాలన్నింటినీ అడిగిందన్నమాట.

ఇందులో విశేషం ఏమంటే, పాటలోని రైలు వెనక్కు నడుస్తున్నది. తరతరాలుగా జార్జియా నుంచి పారిపోవడమే విముక్తి అనుకొన్న జాతి నోట, జార్జియాకు తిరిగి పోవడం ఊరట అయింది. వేర్పాటు చట్టాలను రద్దు చేసిన పౌరహక్కుల శాసనం వచ్చి అప్పటికి తొమ్మిదేళ్ళే. 1970ల నుంచి నల్లవారి వలస నిజంగానే మళ్ళీ దక్షిణాదివైపు తిరిగిందని చరిత్రకారులు చెబుతారు. 1973 అక్టోబరు 16న మేనార్డ్ జాక్సన్ అట్లాంటా నగరానికి మొట్టమొదటి నల్లజాతి మేయరుగా ఎన్నికయ్యాడు. పదకొండు రోజుల తరువాత, అక్టోబరు 27న, ఈ పాట దేశంలో మొదటి స్థానానికి ఎక్కింది. ఒకటి మరొకదానికి కారణం కాదు. కాని రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ నెలలో అట్లాంటాకు పోయే రైలెక్కడం ఎందుకు ఓటమిగా వినిపించలేదో కొంత బోధపడుతుంది.

సరదాకు రైళ్ళ పట్టీ కూడా చూశాను. 1973లో లాస్ ఏంజెలెస్ నుంచి అట్లాంటాకు నేరుగా పోయే బండి లేనే లేదు. సన్‌సెట్ లిమిటెడ్‌లో న్యూ ఆర్లియన్స్ చేరి, అక్కడ సదరన్ క్రెసెంట్ అందుకోవాలి. కవులకు లేని బండిని నడిపే అధికారం ఎప్పుడూ ఉన్నదే.

*

సిస్సీ హ్యూస్టన్ పాడిన ప్రతి భక్తిగీతపు ఛాయలతో చక్కగానే ఉంటుంది. కాని అది శిఖరానికి చేరలేదు. మూడవ పాఠం కావలసి వచ్చింది.

గ్లాడిస్ నైట్ 1944లో అట్లాంటాలోనే పుట్టింది. ఎనిమిదేళ్ళ వయసులో టెడ్ మాక్ గారి ఔత్సాహిక గాయకుల పోటీలో గెలిచింది. అదే ఏడు, 1952లో, అన్న మెరాల్డ్ పుట్టినరోజు వేడుకలో ఇంట్లో పిల్లలంతా కలిసి పాడిన పాటే బృందానికి నాంది. ఈ మెరాల్డ్‌ను అందరూ బబ్బా అంటారు. పాట వచ్చేనాటికి పిప్స్ అంటే అన్న బబ్బా, దాయాదులు ఎడ్వర్డ్ ప్యాటెన్, విలియం గెస్ట్. అంటే ఇది ఒక కుటుంబ భజన మండలి.

1966లో వారు డెట్రాయిట్‌లోని మోటౌన్ సంస్థలో చేరారు. 1967లో వారు పాడిన "ఐ హర్డ్ ఇట్ త్రూ ద గ్రేప్‌వైన్" రెండవ స్థానం దాకా పోయింది. మరుసటి ఏడే అదే సంస్థ నుంచి మార్విన్ గే గొంతులో అదే పాట వచ్చి మొదటి స్థానం కొట్టింది. 1973లో వారు బుద్ధా అనే రికార్డు సంస్థకు మారారు. మారేముందు మోటౌన్‌లో ఆఖరి ఘనవిజయం "నైదర్ వన్ ఆఫ్ అస్". దాని కర్త కూడా మన జిమ్ వెదర్లీయే. అట్లా కవికీ గాయనికీ అప్పటికే పరిచయం కుదిరింది. అదే దారిలో రైలుపాట కూడా ఆమె చేతికి వచ్చింది. తన పుట్టిన నేల పేరు పాటలో ఉన్నది. ఇక విడిచిపెడుతుందా?

వాద్యరచన, నిర్మాణం టోనీ కామిల్లోకు అప్పగించారు. న్యూజెర్సీ రాష్ట్రంలో ఆయనకు సొంత స్టూడియో ఉండేది. ధ్వనిముద్రణ చూసినది ఎడ్ స్టేసియం అనే యువకుడు. కామిల్లో మొదట తయారుచేసిన వాద్యభాగం గ్లాడిస్‌కు నచ్చలేదు. ఆ రోజుల్లో అల్ గ్రీన్ అనే గాయకుడి పాటలు మెంఫిస్ నుంచి వస్తుండేవి. ఆడంబరం లేకుండా, మందగమనంలో, లోలోపల కుదుపుతో సాగేవి. అట్లాంటి నడక కావాలని ఆమె పట్టుపట్టింది. చివరకు కామిల్లో ఆర్భాటం తీసివేసి నలుగురితో పునాది వేయించాడు. గిటారు జెఫ్ మిరొనొవ్, బేస్ గిటారు బాబ్ బాబిట్, డ్రమ్ములు ఆండ్రూ స్మిత్, కీబోర్డు కామిల్లో స్వయంగా. ఆ పునాది కుదిరిన తరువాతనే బూరాలూ, తంత్రీవాద్యాలూ పైన అమర్చారు. వింటే తెలుస్తుంది. బండి స్టేషను విడిచి పట్టాల మీద ఒక లయ అందుకొన్నట్టు ఉంటుంది, ఎక్కడా పరుగు లేదు.

ఆమె గాత్రాన్ని డెట్రాయిట్‌లో రికార్డు చేశారు. అప్పుడు తన సొంత సంసారం మనసులో మెదిలిందని ఆమె తరువాతి కాలంలో చెప్పుకొన్నది. ఆమె భర్త మంచి సాక్సఫోన్ వాద్యకారుడు. భార్య ఎప్పుడూ కచేరీలూ ప్రయాణాలూ అంటూ ఇంటిపట్టున ఉండకపోవడం అతడికి కష్టమైంది. చివరకు విడిపోయారు. పాటలోని స్త్రీ పురుషుడి వెంట వెళ్ళగలిగింది, పాడిన స్త్రీ వెళ్ళలేకపోయింది. ఆ కంఠంలో వినిపించే తడి ఎక్కడిదో ఇది తెలిసిన తరువాత నాకు అర్థమైంది.

ఇంకొక ముచ్చట. పాట చివరి భాగంలో ఆమె పల్లవిని పట్టుకొని అప్పటికప్పుడు పుట్టినట్టు మాటలు అల్లుకొంటూ పోతుంది. మన వాళ్ళు నెరవు అంటారే, ఆ మాదిరి. అసలు సంగతి ఏమంటే, అట్లా అప్పటికప్పుడు అల్లడం ఆమెకు అలవాటు లేని పని. అన్న బబ్బా అద్దం అవతలి గదిలో కూర్చొని, ఆమె చెవులకు పెట్టుకొన్న హెడ్‌ఫోనులో ఒక్కొక్క మాటా అందించాడు. ఆమె అందుకొని పాడింది. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి అడ్డుపడతాడు, ఇక్కడ అన్న అడుగడుగునా చేయి అందించాడు. ముందు అన్నట్టు, పిప్స్ వంతలు ఊరికే తందాన అనేవారు కారు. ఆమె చెప్పిన దానికి సాక్ష్యం పలుకుతారు, నిజమేనా అని రెట్టిస్తారు, నడుమ రైలు కూత కూడా పెడతారు. ఒక స్త్రీ ఒంటరి నిర్ణయం, వాళ్ళ వల్ల, ఒక కుటుంబం మొత్తం ఆశీర్వదించిన ప్రయాణంలా వినిపిస్తుంది.

1973 ఆగస్టులో పాట విడుదలైంది. పాటలోని పాత్రలకు ప్రేరణ అయిన లీ మేజర్స్, ఫరా ఫాసెట్‌లకు ఆ ముందు నెలలోనే పెళ్ళి అయింది. అక్టోబరు 27న రోలింగ్ స్టోన్స్ బృందం పాడిన "ఏంజీ"ని తప్పించి బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానం అందుకొని, రెండు వారాలు నిలిచింది. 1974 మార్చిలో గ్రామీ పురస్కారాల సభలో గ్లాడిస్ బృందానికి రెండు బహుమానాలు వచ్చాయి. ఒకటి ఈ రైలుపాటకు, రెండవది "నైదర్ వన్ ఆఫ్ అస్"కు. రెండూ వెదర్లీ రచనలే. 2014లో ఆయనను గీతరచయితల గౌరవసభలో చేర్చుకొన్నారు. 2021లో ఆయన కన్నుమూశాడు.

*

ఇక మా ఇంటి కథ.

మా అన్నయ్య నాకంటె తొమ్మిదేళ్ళు పెద్ద. పద్యం, గేయం రెండూ అలవోకగా రాసేవాడు. 1970లలో సినిమా పాటలు రాయాలని మద్రాసు వెళ్ళాడు. అక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లను పెళ్ళి చేసుకొన్నాడు. నాలుగైదేళ్ళు గడిచాక ఒక పాటకు అవకాశం వచ్చింది. బాణీకి ఒదగడంలేదు, ఒక మాట మార్చమని సంగీత దర్శకుడు అడిగాడు. అన్నయ్య మార్చనన్నాడు. ఆ పాట ఇంకొకరికి వెళ్ళింది. కొన్ని నెలలకు అన్నయ్య, వదిన రాత్రి మెయిలు ఎక్కి ఊరికి వచ్చేశారు. అన్నయ్య పొలం చూసుకొన్నాడు, గుడిలో పురాణం చెప్పాడు. మళ్ళీ పాట రాయలేదు.

ఆ ఒక్క మాట కథను నేను ఎన్ని తరగతుల్లో చెప్పి ఉంటానో! కవి అంటే అట్లా ఉండాలని, శబ్దం మీద అంత నిష్ఠ ఉండాలని పిల్లలకు బోధించాను. అన్నయ్య పోయాక ఆ కథే నాకు ఆయన విగ్రహం అయింది.

ఈ రైలుపాట చరిత్ర చదివిన రాత్రి ఆ విగ్రహం కదిలింది. వెదర్లీ తన విమానాన్ని వదులుకొన్నాడు. ఒక వంట చేసే అమ్మ ఉప్పు సరిచూసినట్టు, ఒక గాయని తన పూర్వుల అనుభవంతో ఆ మాట సరిదిద్దితే, ఆయన అడ్డు చెప్పలేదు. తన మాటకంటె పాట గొప్పదని నమ్మాడు. పాట బతికింది. మరి మా అన్నయ్య? మాట బతికిందా? ఆ మాట ఏమిటో కూడా ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. అది నిష్ఠా, అహంకారమా? ఇన్నేళ్ళు నేను పిల్లలకు చెప్పినది పాఠమా, పొరపాటా?

కీర్తనలను గురుశిష్య పరంపరగా పాడుకొనేవారు పాఠాంతరం అనే మాటను దోషంగా వాడరు. మా గురువుగారి పాఠాంతరం ఇది అని గౌరవంగా చెప్పుకొంటారు. ప్రతి తరం ఒక గమకం చేరుస్తుంది, ఒక సంగతి దిద్దుతుంది. కర్త పేరు కర్తదే. గ్రంథాలు పరిష్కరించే మేము మాత్రం మూలప్రతే సత్యం, మిగిలినదంతా చెద అని నేర్చుకొన్నాము. ఈ పాటకు మూలప్రతిని పట్టుకొని కూర్చుంటే మనకు మిగిలేది ఎవరూ వినని ఒక విమానం.

అయితే ఒక సంగతి మరువరాదు. వెదర్లీని అడిగి మార్చారు. అడిగినవారికి కారణం ఉన్నది. ఆ కారణం పాటలోని మనిషి బతుకులో ఉన్నది. బాణీకి పట్టడంలేదు గనుక ఏదో ఒకటి పడెయ్యమనడం వేరు, మావాళ్ళు రైలులోనే పోయారమ్మా అనడం వేరు. మా అన్నయ్యను ఏ కారణంతో అడిగారో నేను ఎన్నడూ విచారించలేదు.

ఊరికి తిరిగి వచ్చాక వదిన దగ్గరికి వెళ్ళి ఈ కథంతా చెప్పాను. ఫోనులో పాట కూడా వినిపించాను. ఆమెకు ఇంగ్లీషు రాదు. కళ్ళు మూసుకొని విన్నది. తరువాత నా సందేహం అడిగాను, అన్నయ్య ఆ మాట మార్చి ఉంటే బాగుండేదా అని.

వదిన నవ్వింది. "ఏం మాష్టారూ, ఇన్నేళ్ళూ మీరు అదే నమ్ముతున్నారా? మాట కోసం కాదు ఆయన వచ్చింది. అక్కడ నిద్ర పట్టేది కాదు ఆయనకు. మీ అమ్మగారినీ, చెరువుగట్టునూ తలుచుకొనేవారు. ఇంటికి పోవడానికి ఒక సాకు కావలసి వచ్చింది. ఆ మాట దొరికింది" అన్నది.

"మరి నీవు? నీ ఊరు మద్రాసు గదా వదినా" అన్నాను.

"ఆయన బండెక్కారు, నేనూ ఎక్కాను. ఇందులో చెప్పడానికి ఏమున్నది? కాఫీ తాగుతారా?" అని లేచి లోపలికి వెళ్ళింది.

పాట నడుస్తూనే ఉన్నది. వెనుకనుంచి వంతలు రైలు కూత పెడుతున్నారు. నేను ఇన్నేళ్ళు తరగతిలో చెప్పిన కథలో వదిన ఎక్కడా లేదని అప్పుడు గమనించాను. ఇకమీదట ఎవరికైనా చెబితే ఆమె పేరుతోనే మొదలుపెడతాను.

 మీ ఇళ్ళలో కూడా ఇటువంటి రాత్రి బండి ఏదైనా ఉంటే తప్పక రాయండి.

స్వస్తి.